సింగిల్ పరుపు బేరం: ముందు అవసరం, ఆ తర్వాత తూకం

మదనపల్లె: పెళ్ళి ముహూర్తాల నెలల్లో డబుల్ పరుపులకు గిరాకీ. బడులు, కాలేజీలు తెరిచే జూన్‌లో సింగిల్ పరుపులకు గిరాకీ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం బజార్లలో పరుపుల వర్తకం చేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. అయితే ఈ రెండు సరుకుల బేరంలో ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. డబుల్ పరుపును ఫలానా గదిలోని ఫలానా మంచానికని కొంటారు. సింగిల్ పరుపుకు అటువంటి స్థిరవాసం లేదు. ఈ ఏడాది హాస్టలుకు వెళ్ళిన పరుపు చదువు ముగిశాక ఇంటికి తిరిగివచ్చి ముసలమ్మ మంచం ఎక్కుతుంది. పండుగకు అల్లుడు వస్తే హాల్లోకి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే రోగి కిందికి చేరుతుంది.

ఒక్క పరుపు, నాలుగు పనులు. కొనేవారు మాత్రం దుకాణంలో అడిగేది రెండే ప్రశ్నలు: ఎన్ని అంగుళాలు, ఎంత రేటు? అమ్మేవారూ ఆ రెంటికే జవాబు చెప్పి బిల్లు వేస్తారు. నెల తిరక్కుండా ఆ పరుపు వెనక్కి వస్తే నష్టం ఎవరిది? వాడిన పరుపును మళ్ళీ కొత్త సరుకుగా అమ్మడానికి లేదు. చిన్న ఊళ్ళో ఒక ఇంటివారి అసంతృప్తి వీధంతా పాకుతుంది. కాబట్టి సింగిల్ పరుపు బేరంలో అవసరాన్ని ముందు అడిగి, సరుకును కాటా మీద నిర్ధారించుకునే పద్ధతి కొనేవారికంటే అమ్మేవారికే ఎక్కువ మేలు చేస్తుంది. ఆ పద్ధతి ఏమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సరుకు రకాలు, వాటి మూల బజార్లు

పరుపు అని ఒకే పేరుతో పిలుస్తున్నా, లోపలి సరుకును బట్టి ఇవి నాలుగైదు వేర్వేరు వ్యాపారాలు. వీటి ధరలను నడిపించే బజార్లు కూడా వేరు.

మొదటిది దూది పరుపు. దీని మూలం పత్తి. మనవైపు పత్తి ధరకు ఆదోని బజారు తీరే గుర్తు. దూది ధరను 356 కిలోల క్యాండీకి చెబుతారు, బేలు 170 కిలోలు. పరుపుల్లోకి మేలు రకం దూది వెళ్ళడం తక్కువ. పొట్టి పింజె దూది, నూలు మిల్లుల వేస్టు ఎక్కువగా వెళుతుంది. దూదిని ఏకి, గవుసెనలో నింపి, కుట్లు వేసే పని రాయలసీమ ఊళ్ళలో తరతరాలుగా దూదేకుల వారి చేతిలో ఉన్న వృత్తి. ఈ పరుపు నాలుగైదేళ్ళకు అణగిపోయినా, విప్పి మళ్ళీ ఏకిస్తే తిరిగి నిలుస్తుంది. ఈ గుణం కాయిర్, ఫోమ్ పరుపులకు లేదు.

రెండవది బూరుగు దూది పరుపు. తెల్లబూరుగు చెట్టు కాయల నుంచి వచ్చే ఈ దూదిని సరిహద్దుకు ఆవల, తమిళం మాట్లాడే ఊళ్ళలో ‘ఇలవం పంజు’ అంటారు. కుప్పంలో ఈ పేరుతోనే అడిగేవారు ఉంటారు కనుక దుకాణదారుకు రెండు పేర్లూ తెలిసి ఉండాలి. తమిళనాడులో తేని జిల్లా బోడినాయకనూరు ఈ సరుకుకు పేరుపడిన చోటు. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనపు పూత వంటి నునుపు ఉంటుంది. అందువల్ల తేలిక, తొందరగా తడవదు. ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షణ కోట్లలో దీన్నే నింపేవారు.

మూడవది కాయిర్ పరుపు. మెలితిప్పిన కొబ్బరి పీచు మీద రబ్బరు పాలు చల్లి, వేడిమితో గట్టిపరిచి పలకలుగా నొక్కుతారు. దీని ధర రెండు బజార్ల మీద ఆధారపడి ఉంటుంది. పీచుకు పొల్లాచ్చి ప్రాంతం, రబ్బరుకు కొట్టాయం. కొబ్బరి పీచును చైనా పెద్ద ఎత్తున కొంటుంది. అక్కడి కొనుగోళ్ళు హెచ్చినా తగ్గినా ఇక్కడి మిల్లుల పీచు ధర కదులుతుంది.

నాలుగవది ఫోమ్ పరుపు. దీని ముడిసరుకు రసాయనాలు. టి.డి.ఐ. అనే రసాయనాన్ని మన దేశంలో గుజరాత్ నర్మదా వ్యాలీ ఫెర్టిలైజర్స్ వారు భరూచ్‌లోనూ, దహేజ్‌లోనూ తయారు చేస్తున్నారు. పాలియాల్‌ను చెన్నై వద్ద మణలి పెట్రోకెమికల్స్ వారు తయారు చేస్తున్నారు. ముడిచమురు ధర, దిగుమతుల రేటు ఈ సరుకును శాసిస్తాయి. ఫోమ్ ముక్కలను జిగురుతో కలిపి నొక్కి చేసేది రీబాండెడ్ ఫోమ్. అడ్డంగా కోసి చూస్తే రంగురంగుల ముక్కలు కనబడతాయి. ఇవి కాక స్వచ్ఛమైన రబ్బరు పాలతో చేసే లాటెక్సు, ఉక్కు తీగల స్ప్రింగు పరుపులు ఉన్నాయి. సింగిల్ సైజులో మన బజార్లలో వీటి వాటా స్వల్పం.

ఇన్ని మూల బజార్లు ఉన్నందున ‘పరుపుల రేటు పెరిగింది’ అని టోకు వర్తకుడు అన్నప్పుడు, ఏ ముడిసరుకు పెరిగిందని అడగడం చిల్లర వర్తకుని హక్కు. రబ్బరు పెరిగితే కాయిర్, లాటెక్సు పెరగాలి గాని దూది పరుపు పెరగడానికి కారణం లేదు.

బ్రాండు పేరు చూసి లోపలి సరుకును ఊహించడం కూడా ఇప్పుడు కుదరదు. 1962లో కర్ణాటకలో మొదలైన కర్లాన్ పేరు చాలా ఇళ్ళలో కాయిర్ పరుపుకు మారుపేరు అయింది. స్లీప్‌వెల్ పేరు చెబితే ఫోమ్ గుర్తుకు వచ్చేది. 2023లో స్లీప్‌వెల్ తయారీదారులైన షీలా ఫోమ్ వారు కర్లాన్ కంపెనీలో అత్యధిక వాటాను కొన్నారు. పెద్ద కంపెనీలన్నీ ఒకే పేరు కింద ఫోమ్, కాయిర్, స్ప్రింగు మూడూ అమ్ముతున్నాయి. పేరు మీద బేరం ఆడేవారు లోపల ఏముందో తప్పక అడగాలి.

తూకం లెక్క

6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం గల పరుపు సింగిల్ పరుపులకు మూలకొలత అనుకోవచ్చు. దీని ఘనపరిమాణం సరిగ్గా 6 ఘనపుటడుగులు. బజారులో ‘డెన్సిటీ’ అని చెప్పే అంకె ఒక ఘనపు మీటరు సరుకు ఎన్ని కిలోలు తూగుతుందో చెబుతుంది. ఆ అంకెను 35తో భాగించి, వచ్చినదాన్ని ఘనపుటడుగులతో హెచ్చిస్తే పరుపు ఎన్ని కిలోలు ఉండాలో దాదాపుగా తేలుతుంది.

ఈ లెక్కన 6 ఘనపుటడుగుల ఫోమ్ పరుపు 28 డెన్సిటీదైతే 4 కిలోల 800 గ్రాములు, 32 డెన్సిటీదైతే 5 కిలోల 500 గ్రాములు, 40 డెన్సిటీదైతే 6 కిలోల 850 గ్రాములు రావాలి. 80 డెన్సిటీ కాయిర్ పరుపు అదే కొలతకు 13 కిలోల 700 గ్రాములు, 100 డెన్సిటీ రీబాండెడ్ ఫోమ్ 17 కిలోలు తూగాలి. ఇవి గవుసెన తీసివేసిన నికర తూకాలు. గవుసెనకు జిప్ ఉంటే విడిగా తూచుకోవచ్చు. లేకుంటే అదే మాదిరి గవుసెన తూకాన్ని తీసివేయాలి.

40 అని చెప్పి ఇచ్చిన ఫోమ్ పరుపు కాటా మీద 5 కిలోలు కూడా తూగకపోతే అది 40 కాదు, 28 కూడా అవునో కాదో చూసుకోవలసిన సరుకు. బస్తా ఉల్లిపాయలు తూకం లేకుండా కొనని వర్తకులు, వేల రూపాయల పరుపును మాట మీద దించుకోవడం వింతే.

మందం కూడా కొలవాలి. 4 అంగుళాలని చెప్పిన పరుపు మూడున్నర అంగుళాలే ఉంటే సరుకులో ఎనిమిదవ వంతు తగ్గినట్టు. పైన కుట్టిన మెత్తటి పొరను కలుపుకొని 4 అంగుళాలా, లోపలి పలక ఒక్కటే 4 అంగుళాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

అయితే తూకం ఒక్కటే సర్వస్వం కాదు. మూడు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ఒకే రకం సరుకుల మధ్యనే తూకాన్ని పోల్చాలి. 17 కిలోల రీబాండెడ్ ఫోమ్, 7 కిలోల మేలురకం ఫోమ్ కన్నా గొప్పదని అర్థం కాదు. రెండు, తూకం పెంచడానికి ఫోమ్‌లో సుద్దపొడి వంటివి కలిపే అవకాశం ఉన్నది. నలిపితే పొడి రాలే ఫోమ్, లాగితే సాగకుండా ముక్కలయ్యే ఫోమ్ అనుమానించదగినవి. నమూనా మీద 25 కిలోల బియ్యం మూట రాత్రంతా ఉంచి, తీసిన అరగంట తర్వాత స్కేలుతో మందం కొలిస్తే నిజం బయటపడుతుంది. మూడు, డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. డెన్సిటీ పరుపు మన్నికను చెబుతుంది. గట్టిదనం ఒంటికి తెలిసేది. డెన్సిటీ హెచ్చుగా ఉండి మెత్తగా ఉండే ఫోమ్ ఉన్నది, డెన్సిటీ తక్కువై మొదటి నెల గట్టిగా అనిపించి తర్వాత గుంటపడే ఫోమూ ఉన్నది.

బూరుగు దూదికి పరీక్ష వేరు. చిటికెడు తీసి, దీపానికి వత్తి చేసినట్టు వేళ్ళ మధ్య నలపండి. పత్తి అయితే వత్తి నిలుస్తుంది. బూరుగు పోగు నునుపు వల్ల జారి విడిపోతుంది. వత్తి చక్కగా వచ్చిందంటే అందులో పత్తి వేస్టు కలిసిందని గ్రహించవచ్చు. గింజలు మిగిలి ఉన్నాయేమో చూడాలి. గింజ తూకాన్ని పెంచుతుంది, ఎలుకలనూ పురుగులనూ పిలుస్తుంది. దూది పరుపైనా, బూరుగు పరుపైనా ఎన్ని కిలోలు నింపుతారో ముందు మాట్లాడుకొని, ఖాళీ గవుసెనను ఒకసారి, నిండిన పరుపును ఒకసారి తూయాలి.

ఏ ఇంటికి ఏది

కొనేవారిని అడగవలసిన ప్రశ్నలు నాలుగు. ఎవరు పడుకుంటారు? దేని మీద వేస్తారు? పగలు పరుపు ఎక్కడ ఉంటుంది? ఎన్నాళ్ళు నిలవాలి? వీటి జవాబులు వచ్చాక సగం బేరం తీరిపోయినట్టే.

పగలు చుట్టిపెట్టే ఇల్లు: ఒకటి రెండు గదుల ఇళ్ళలో పరుపు రాత్రి పరిచి పొద్దున తీసేది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాలున్న ఇళ్ళను చూస్తే మగ్గానికి పోగా మిగిలిన చోటే కాపురం. ఇటువంటి చోట చుట్టడానికి వీలైన దూది లేదా బూరుగు పరుపు సరిపోతుంది. కాయిర్ పరుపును చుట్టకూడదు. మడిస్తే పీచు, రబ్బరు విడిపోయి మధ్యలో విరుగు వస్తుంది. ఫోమ్ కావాలంటే మూడు మడతలుగా కుట్టినది ఇవ్వాలి.

పట్టుపురుగులు పెంచే ఇల్లు: మదనపల్లె, పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో పట్టుపురుగుల పెంపకం ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పురుగు చివరి జ్వరం దాటి బాగా మేసే రోజుల్లో రాత్రులు షెడ్డులోనో పక్కనో పడుకోవలసి వస్తుంది. వీరికి తేలికగా మోసుకుపోయే పరుపు కావాలి. నల్లుల కోసమని పరుపు మీద పురుగుమందు కొట్టి ఆ షెడ్డులోకి తీసుకుపోతే పంటకే మోసం. పట్టుపురుగు స్వల్పమైన మందుకు కూడా తట్టుకోదు. ఎండబెట్టడానికి వీలైన దూది పరుపే ఇక్కడ క్షేమం.

హాస్టలు విద్యార్థి: కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం, మదనపల్లె ఇంజనీరింగు కాలేజీల వల్ల ఈ రకం గిరాకీ నిలకడగా ఉన్నది. కుప్పం నుంచి రైలెక్కి బెంగుళూరు వెళ్ళి గది తీసుకునే ఉద్యోగస్థులూ ఈ కోవకే చెందుతారు. వీరికి మూడు నాలుగేళ్ళ మన్నిక, బస్సు మీదా రైల్లోనూ పట్టే తేలిక ముఖ్యం. 32 డెన్సిటీ, 4 అంగుళాల ఫోమ్ చాలు. కాని హాస్టలు మంచం వెడల్పు కొన్నిచోట్ల 3 అడుగులు, కొన్నిచోట్ల రెండున్నర అడుగులే. కొలత తెలియకుండా 3 అడుగుల పరుపు ఇచ్చి పంపితే అంచు వేలాడి మొదటి ఏడాదే నలుగుతుంది. మంచం కొలిచి రమ్మని చెప్పడం బేరాన్ని ఒక రోజు ఆపుతుంది గాని పోగొట్టదు.

నడుం నొప్పి ఉన్నవారు: వీరికి రాతిపలక వంటి పరుపు ఇవ్వాలనే నమ్మకం బజారులో గట్టిగా ఉన్నది. దీర్ఘకాలం నడుం నొప్పితో బాధపడుతున్న 313 మంది మీద స్పెయిన్‌లో జరిపిన పరీక్ష ఫలితాలను ‘లాన్సెట్’ వైద్య పత్రిక 2003లో ప్రచురించింది. 90 రోజుల తర్వాత చూడగా, బాగా గట్టి పరుపు వాడినవారి కన్నా మధ్యరకం గట్టి పరుపు వాడినవారికే ఎక్కువ ఉపశమనం కనిపించింది. కాబట్టి కాయిర్ పలక మీద అంగుళం మేలురకం ఫోమ్ పొర ఉన్నది, లేదా 40 డెన్సిటీ ఫోమ్ వీరికి చూపించదగినవి. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా పరుపు మార్చడం వైద్యం కాదని, డాక్టరును చూడమని చెప్పడం వర్తకుని ధర్మం.

పెద్ద వయసువారు: వీరి విషయంలో మెత్తదనం కన్నా ఎత్తు ముఖ్యం. మంచం, పరుపు కలిసి 18 నుంచి 20 అంగుళాల ఎత్తుంటే పాదాలు నేలకు ఆని, మోకాళ్ళ మీద భారం లేకుండా లేవగలరు. 10 అంగుళాల దివాన్ మీద 3 అంగుళాల పరుపు వేస్తే లేవడమే గండం. అంచు మీద కూర్చుంటే కుంగిపోయే పరుపు కూడా వీరికి పనికిరాదు, జారిపడే ప్రమాదం ఉన్నది. ఈ మూడు ఊళ్ళూ సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైన ఉన్న పీఠభూమి మీదివి. చలికాలం రాత్రుళ్ళు నేల చల్లదనం ఒంటికెక్కుతుంది. నేల మీద పడుకునే అలవాటున్న పెద్దలకు కింద చాప, పైన మందమైన దూది లేదా బూరుగు పరుపు ఇవ్వాలి.

మంచం పట్టిన రోగి: కదలలేని రోగికి మామూలు పరుపు ఏదైనా పుండ్లను ఆపలేదు. గాలి నిండుతూ తగ్గుతూ ఉండే మోటారు గాలి పరుపును మందుల దుకాణాల్లో, ఆసుపత్రి సామాను దుకాణాల్లో అమ్ముతారు. దాన్ని మామూలు పరుపు మీదనే వేస్తారు. అది ఉన్నా రోగిని వేళకు ఇటూ అటూ తిప్పడం మానకూడదు. ‘ఈ ఫోమ్ వేస్తే పుండ్లు రావు’ అని చెప్పి అమ్మడం వర్తకునికి చెడ్డపేరు తెస్తుంది, రోగికి ప్రాణం మీదికి తెస్తుంది.

చంటిబిడ్డ: బిడ్డకు మెత్తని పరుపు మేలనుకోవడం పొరపాటు. శిశువును వెల్లకిల పడుకోబెట్టాలని, అడుగు గట్టిగా, సమతలంగా ఉండాలని, ముఖం చుట్టూ దిండ్లు, మెత్తలు ఉండకూడదని వైద్యుల సలహా. లోతుగా కుంగే ఫోమ్‌లో ముఖం కూరుకుంటే ఊపిరాడదు. పక్క తడిపే వయసు పిల్లలకు పలచని దూది పరుపు, పైన రబ్బరు షీటు చాలు.

చుట్టాల పరుపు: ఏడాదికి పదిహేను రోజులు వాడే పరుపుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పుంగనూరు ఆవు మాదిరి తక్కువ చోటులో ఒదిగి, తక్కువ పోషణతో పని చేసిపెట్టేది కావాలి. మూడు మడతల ఫోమ్ గాని, చుట్టే దూది పరుపు గాని సరిపోతుంది. మడతలు ఏడాది పొడుగునా ఒకే చోట నొక్కుకుపోకుండా అప్పుడప్పుడు విప్పి ఆరవేయమని చెప్పాలి.

అన్ని పనులకూ ఒకే పరుపు కావాలనే ఇంటికి ఏమివ్వాలి? వారిలో ఎక్కువ ఇబ్బంది ఉన్న మనిషి ఎవరో అడిగి, ఆ మనిషికి తగినది ఇవ్వాలి. ఇరవై ఏళ్ళ కుర్రవాడు ముసలమ్మకు తగిన పరుపు మీద హాయిగా నిద్రపోగలడు. కుర్రవాడి కోసం కొన్న పలచని పరుపు మీద ముసలమ్మ నిద్రపోలేదు. ఈ ఒక్క సూత్రం చాలా బేరాలను తేలుస్తుంది.

కింద మంచం ఏది?

పరుపు మీద వచ్చే ఫిర్యాదుల్లో మంచం చేసిన తప్పుకు పరుపు శిక్ష అనుభవించేవి కొన్ని. నులక మంచం మీద, సాగిన నవారు మంచం మీద కాయిర్ పరుపు వేస్తే మధ్యలో విరుగుతుంది. ఫోమ్ వేస్తే మంచం గుంటనే పరుపు గుంటగా చూపుతుంది. అటువంటి మంచానికి దూది పరుపు నప్పుతుంది. చెక్కపట్టీల మంచమైతే పట్టీల మధ్య ఎడం ఎక్కువ లేకుండా ఉండాలి, ఉంటే పైన ప్లైవుడ్ పలక వేయించాలి. స్ప్రింగు పరుపుకు సమతలమైన గట్టి పలక తప్పనిసరి.

పొడవు విషయంలో కంపెనీ సరుకు 72, 75, 78 అంగుళాల్లో వస్తుంది. మన వడ్రంగులు చేసే మంచాలు లోకొలతలో అర అంగుళం, అంగుళం అటూ ఇటూగా ఉంటాయి. 75 అంగుళాల పరుపును 74 అంగుళాల మంచంలో కూరితే మధ్య ఉబ్బుతుంది. చట్రం లోపలి కొలత అడగాలి, వెలుపలిది కాదు.

ఎండ, నీడ, నిప్పు

అమ్మేటప్పుడు చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. దూది, బూరుగు పరుపులకు ఎండ మందు. ఫోమ్, లాటెక్సు పరుపులకు ఎండ శత్రువు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో, మందులు లేని కాలంలో వెలసిన క్షయ శానిటోరియం గాలీ వెలుతురూ నమ్ముకొని నడిచింది. ఎండలో పక్కబట్టలు ఆరవేయాలనే పాఠం ఈ ప్రాంతానికి పాతదే. కాని అదే అలవాటుతో ఫోమ్‌ను మిద్దె మీద ఎండలో పడవేస్తే పసుపుబారి పొడిపొడి అవుతుంది. దాన్ని నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టి ఆరనివ్వాలి. కాయిర్ పరుపుకు తడి తగలకూడదు. తగిలితే నీడలోనే పూర్తిగా ఆరాలి.

నిప్పు విషయంలో అజాగ్రత్త వర్తకునికే ఎక్కువ నష్టం. విడి బూరుగు దూది నిప్పురవ్వ తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది. ఫోమ్ కాలితే వచ్చే పొగ విషం. అందులో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. గోడౌనులో పాత వైర్ల కింద, బీడీ కాల్చేచోట ఈ సరుకు నిల్వ చేయరాదు. బీమా పత్రంలో సరుకు రకం సరిగా రాయించుకోవాలి. బట్టల దుకాణమని రాయించి ఫోమ్ నింపితే క్లెయిము రోజున తగవు వస్తుంది.

బిల్లులో ఏమి రాయాలి

భారతీయ ప్రమాణాల సంస్థ ఇళ్ళలో వాడే ఫోమ్ పరుపులకు ఐ.ఎస్. 7933, రబ్బరు పట్టించిన పీచు పలకలకు ఐ.ఎస్. 8391, లాటెక్సు ఫోమ్‌కు ఐ.ఎస్. 1741 సంఖ్యలతో ప్రమాణాలు ప్రకటించింది. టోకు వర్తకుడు ‘స్టాండర్డు సరుకు’ అంటే ఏ ప్రమాణం ప్రకారమో అడగడానికి ఈ అంకెలు పనికివస్తాయి.

జి.ఎస్.టి.లో పరుపులు 9404 పద్దు కిందికి వస్తాయి. విడిగా అమ్మే దూది 52వ అధ్యాయం కిందిది. రెంటికీ ఒకే పద్దు రాస్తే లెక్కల్లో చిక్కు. రేటు మాత్రం బిల్లు వేసేనాటి షెడ్యూలు చూసి వేయాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అటువంటిదే. ‘అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు’ అని బిల్లు కింద అచ్చువేసుకున్నంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో రక్షణ దొరకదు.

రక్షణ ఇచ్చేది స్పష్టమైన బిల్లు. సరుకు రకం, పొడవు, వెడల్పు, గవుసెన కాక మందం, డెన్సిటీ, నికర తూకం, ఏ మంచానికని అడిగారో ఆ మాట, ఈ ఏడూ రెండు పంక్తుల్లో పడతాయి. గ్యారంటీ కార్డు ఇస్తే అందులో ఎంత లోతు గుంటను లోపంగా ఒప్పుకుంటారో చదివి వినిపించాలి. గ్యారంటీ సాధారణంగా లోపలి సరుకుకే గాని గవుసెనకు, మరకకు, తడికి వర్తించదు. ఆ సంగతి మొదటి రోజున తెలిస్తే తగవు లేదు, మూడో ఏట తెలిస్తే మోసం అనిపిస్తుంది.

చిన్న దుకాణం స్టాకు

పరుపు చోటు తినే సరుకు. పెట్టుబడి కన్నా ముందు గది నిండుతుంది. చిన్న దుకాణదారు పది బ్రాండ్లు దించుకోవడం కన్నా, మూడు రకాలు సరైనవి నిల్వ చేయడం లాభం: 32 డెన్సిటీ ఫోమ్, ఫోమ్ పొర ఉన్న కాయిర్, ఆర్డరు మీద నింపి ఇచ్చే దూది లేదా బూరుగు. మొదటి రెంటినీ 6 అడుగులు, ఆరుంపావు అడుగుల పొడవుల్లో ఉంచితే ఎక్కువ బేరాలు తీరతాయి. బూరుగు కాయలు పండేది ఎండాకాలంలో. ఏడాది అవసరాన్ని ఆ కొత్త సరుకులో అంచనా వేసుకోవచ్చు గాని, తేమ తగలని నిల్వ చోటు ఉంటేనే కొనాలి. గాలి తీసి చుట్టి డబ్బాలో వచ్చే ఫోమ్ పరుపులు చోటు ఆదా చేస్తాయి, అయితే నెలల తరబడి నొక్కి ఉంచితే పూర్తి మందానికి తిరిగి రాకపోవచ్చు. పాత డబ్బా ముందు అమ్మే క్రమం పాటించాలి.

దుకాణం గుమ్మంలో ఒక కాటా, ఒక టేపు, కోసి చూపించడానికి ప్రతి రకం నుంచీ ఒక ముక్క పెట్టుకునే ఖర్చు స్వల్పం. కొనేవారి ఎదుట పరుపును కాటా ఎక్కించి తూకం బిల్లు మీద రాసే దుకాణానికి పక్క దుకాణం రేటుతో పోటీ పడవలసిన అవసరం తగ్గుతుంది. తక్కువ రేటు చెప్పినవారిని ‘ఎన్ని కిలోలు?’ అని కొనేవారే అడగడం మొదలుపెడతారు.